సూదీ దారమూ తెలుగు పాఠమే



పోయిన వేసవి సెలవులలో మా మనవడు నెల రోజుల పాటు మా ఇంట ఉన్నాడు. వాడికి ఆరేళ్ళు. తల్లిదండ్రులిద్దరికీ చెన్నైలో ఉద్యోగాలు. బడిలో ఇంగ్లీషు, వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. ఇంట్లో తెలుగు అంటే ఎంత తెలుగో మీకు చెప్పనక్కరలేదు. తిను, లే, స్నానం చెయ్యి, పడుకో. ఉద్యోగాలకు పరుగులు తీసే ఇంట్లో అంతకన్న ఎక్కువ మాటలకు తీరిక ఉండదు. అది ఎవరి తప్పూ కాదు.

హోసూరుకు దగ్గరలోని పల్లెలో మాది మట్టిగోడల పాత ఇల్లు. ఒక మధ్యాహ్నం కిటికీ తెర చిరిగి ఉంటే కుట్టడానికి కూర్చున్నాను. నా కళ్ళకు సూది బెజ్జం ఆనలేదు. "నాయనా, ఈ సూదిలో దారం ఎక్కించు" అన్నాను. వాడు నా చేతి వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు. "ఊసియా అవ్వా?" అన్నాడు. ఔనన్నాను. తీసుకొని రెప్పపాటులో ఎక్కించి ఇచ్చాడు.

నేను 31 ఏళ్ళు ఈ ప్రాంతంలో ప్రాథమిక పాఠశాలలో తెలుగు చెప్పినదానిని. ముందు రోజు సాయంత్రమే వాడు నాకు స గుణింతం తప్పు లేకుండా అప్పజెప్పాడు. సా, సి, సీ, సు, సూ. సూ దాకా వచ్చాడు గాని సూది దాకా రాలేదు. ఆ పూట తెర కుట్టడం పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించాను. ఇది వాడి లోపం కాదు, ఇన్నేళ్ళు మేము పాఠం చెప్పిన తీరులోని లోపం. అక్షరాన్ని పట్టించాము, వస్తువును చేతికివ్వలేదు. మాట నిలిచేది వస్తువును పట్టుకున్న చేతిలోనే.

ఈ నేల మీది తెలుగు చదువు సంగతి మనందరికీ తెలిసినదే. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం 2006–07లో 1వ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. 2015–16 నాటికి అది 10వ తరగతిని చేరింది. తెలుగును ఐచ్ఛిక విషయంగా చదువుకొనే వీలు మాత్రం మిగిలింది. తమిళం నేర్చుకోవడం మన పిల్లలకు మేలే. తరతరాలుగా ఈ నేల అన్నం తింటున్నాము, ఈ నేల భాష రాకుండా ఎలా? కాని ఐచ్ఛికం అన్న మాట ఎంత బరువైనదో తరగతి గదిలో నిలబడినవారికే తెలుస్తుంది. మార్కులు కూడని విషయమైతే పిల్లవాడు పుస్తకం తెరవడు, తండ్రి పుస్తకం కొనడు. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేందుకు తగిన వసతులు కల్పించాలని చెబుతున్నది. దాని కోసం అర్జీలు పెట్టాము, పెడుతూనే ఉంటాము. అర్జీకి జవాబు వచ్చేలోగా ఇంట్లో పెరుగుతున్న పిల్లవాడి సంగతి ఏమిటన్నదే నేడు నా ప్రశ్న.

మరునాటి నుండి నేనూ వాడూ కలిసి ఇల్లు బాగుచేసే పని పెట్టుకున్నాము. ఏమేమి చేశామో కాస్త వివరంగా చెబుతాను. ఈ వివరంలోనే పాఠమంతా ఉన్నది.

మొదట తెర. కిటికీ వెడల్పు కొలవాలి. టేపు ఇవ్వకుండా జానతో కొలవమన్నాను. వాడి చేతికి 8 జానలు వచ్చింది. తరువాత నేను కొలిచాను. నాకు 5 జానలే వచ్చింది. "అవ్వా, కిటికీ చిన్నదైపోయిందా?" అన్నాడు. అప్పుడు టేపు తీశాము. వాడి జాన 5 అంగుళాలు, నా జాన 8 అంగుళాలు, కిటికీ 40 అంగుళాలు. ఆరేళ్ళ పిల్లవాడికి ఎనిమిది ఐదులూ ఐదు ఎనిమిదులూ ఒకటేనని కిటికీ చెప్పింది. తెరకు కుచ్చులు రావాలంటే వెడల్పుకు ఒకటిన్నర రెట్లు గుడ్డ కావాలి, అంటే 60 అంగుళాలు. ఈ లెక్క మధ్యలో జాన, మూర, బెత్తెడు, కుచ్చు, అంచు, మడత అన్న మాటలు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. తెర అంటే సినిమా వేసేదే అనుకున్నాడట. కిటికీకి కట్టేదీ తెరేనని తెలిసి నవ్వాడు.

నేరుగా తెర మీద సూది పట్టనివ్వలేదు. మొదట గోనెపట్ట ముక్క ఇచ్చాను, మొన మొద్దుగా ఉండి బెజ్జం పెద్దదైన సూది ఇచ్చాను. చేయి అలవాటు పడడానికి గోనెను మించినది లేదు. దాని నేత వదులుగా ఉంటుంది కనుక పోగులు కంటికి కనబడతాయి. నిలువున సాగేది పడుగు, అడ్డంగా సాగేది పేక. ఒక పోగు పైనుండి, ఒక పోగు కిందినుండి సూది ఎక్కుతూ దిగుతూ పోవాలి. దారం వాడి మూరకు రెండింతలకు మించితే చిక్కు పడుతుంది. చిక్కు పడినప్పుడు లాగకూడదు, వదులు చేయాలి. లాగితే ముడి బిగుస్తుంది. ఇది వాడు మూడుసార్లు లాగి తెలుసుకున్నాడు.

నాలుగు రోజులకు చేయి కుదిరింది. అప్పుడు బొంత మొదలుపెట్టాము. పెట్టెలో మా అత్తగారి నూలు చీరలు రెండు ఉన్నాయి. చిరుగులున్న చోట్లు తీసేసి, మంచి భాగం నాలుగు మడతలు వేసి, ముడతలు లేకుండా నేల మీద పరచి, మడతలు కదలకుండా మొదట కచ్చా కుట్టు వేశాము. అది దూరదూరంగా, నడుమ నుండి అంచులకు. తరువాత అంచుల నుండి లోపలికి దగ్గర కుట్టు. అది పూర్తయిన చోట కచ్చా కుట్టు విప్పేయాలి. "కుట్టింది మళ్ళీ ఎందుకు విప్పాలి?" అని అడిగాడు. అసలు కుట్టు నిలిచేదాకా పట్టుకోవడానికే కచ్చా కుట్టు అన్నాను. మనం తరగతిలో చెప్పే చాలా పాఠాలు కూడా ఇటువంటివేనని నాకు తోచింది గాని, ఆ మాట వాడితో అనలేదు.

బొంత చుట్టూ ఎన్ని మాటలు కుట్టుకొని ఉన్నాయో చూడండి. గంతకు తగ్గ బొంత అంటాము. పొంతన లేని పనిని అతుకుల బొంత అంటాము. మాట అతకలేదంటాము. మనసులు పడుగూ పేకలా కలిశాయంటాము. చిక్కుముడి అంటాము, గుట్టు విప్పడం అంటాము. ఇవన్నీ నేను ఏళ్ళ తరబడి జాతీయాల పట్టికగా నల్లబల్ల మీద రాసి, అర్థం రాయించి, సొంత వాక్యం రాయించినవే. అతుకు ఎన్నడూ వేయనివాడికి అతకని మాట ఎలా అర్థమవుతుంది? పిల్లలు అర్థం బట్టీ పట్టారు, పరీక్షలో రాశారు, మరచిపోయారు. మనవడికి నేను జాతీయం చెప్పలేదు. పదో రోజున వాడే, నాన్న ఫోనులో చెప్పిన సాకు విని, "అవ్వా, ఆ మాట అతకలేదు" అన్నాడు.

తరువాత గోడలు. మాది సున్నం వేసే ఇల్లు. కాల్చిన సున్నపురాళ్ళు తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే సలసల ఉడుకుతాయి. అది వాడిని దూరంగా అరుగు మీద నిలబెట్టి చూపించాను. సున్నం కంట్లో పడితే ప్రమాదం, చేతికీ మంచిది కాదు. కనుక వెల్ల వేయడం వాళ్ళ తాత పని. "నిప్పు లేకుండా ఎలా ఉడుకుతోంది తాతా?" అని వాడు అడిగాడు. నీళ్ళు తగిలినప్పుడు ఆ రాయిలోనుంచే వేడి పుడుతుందని తాత చెప్పారు. వాడి వంతుకు ఏ హానీ లేని పనులు వచ్చాయి. పొరకతో గోడకు బూజు దులపడం, పటాలు తీసి వరుసగా పెట్టడం, అరుగు అంచుకు జాజు పూయడం. ఎర్రటి జాజులో కుంచె ముంచి వాడు తీసిన గీత వంకరగానే వచ్చింది. ఇప్పటికీ అలాగే ఉన్నది. దిద్దవద్దని తాతకు చెప్పాను.

ఆ సాయంత్రం పలక మీద సున్నం అని రాయించాను. రాసి, చూసి, "సున్నంలో చివర సున్న ఉంది అవ్వా!" అన్నాడు. నేను ఇన్నేళ్ళు సున్న అని చెప్పాను గాని ఏ పిల్లవాడూ అంత సంతోషంగా దానిని కనుగొనగా చూడలేదు.

నడవ గోడకున్న చిలక్కొయ్య వదులైంది. తాత దానిని ఊడదీసి, సందులో చీల కొట్టి బిగించారు. మనవడు చీలలు అందించాడు. చిలక్కొయ్య మన కథలలో తరచు వినబడే మాట. తరగతిలో నేను దానికి "గోడకు కొట్టిన కొయ్య" అని అర్థం రాయించి ముందుకు సాగిపోయేదానిని. ఇప్పుడు వాడి చొక్కా తగిలించుకొనే చోటు అది. గొళ్ళెం, గడియ, గడప, వాసం, దూలం, గూడు అన్నీ అలాగే తెలిశాయి. ఇల్లు బాగుచేయడమంటే ఇంటిలోని ప్రతి భాగాన్నీ పేరు పెట్టి పిలవడమే కదా.

రాత తంతు కూడా చెప్పాలి. మాటలు వింటే చాలదు, అక్షరం రావాలి. అందుకని ప్రతి సాయంత్రం ఆ రోజు చేతికి తగిలిన మాటలు రెండు మూడు మాత్రమే నోటుపుస్తకంలో రాయించాను. నెలకు 63 మాటలయ్యాయి. బొంత మూలన తన పేరులోని మొదటి అక్షరం కుట్టుకుంటానన్నాడు. అది ర. సుద్దతో గీసి ఇచ్చాను. సున్న మొదట, ఆపైన తలకట్టు. మన అక్షరాలు గుండ్రనివి. కుట్టు పెద్దదైతే వంపు తిరగదు. వాడు తొందరపడి పెద్ద కుట్లు వేశాడు, సున్న నాలుగు పలకల డబ్బా అయింది. నేను ఏమీ అనకముందే, "ఇది ర కాదు" అని తనే విప్పి, చిన్న కుట్లతో మళ్ళీ మొదలుపెట్టాడు. అందుకు రెండు రోజులు పట్టింది. కాపీ పుస్తకంలో ఒక అక్షరం కోసం రెండు రోజులు కూర్చున్న పిల్లవాడిని నేను ఎరుగను.

ఇది నేను కొత్తగా కనిపెట్టినది కాదు. చేతిపని ద్వారా చదువు అన్న ఆలోచనను గాంధీజీ 1937లో వార్ధాలో దేశం ముందుంచారు. బడి చదువును బడి బయటి జీవితంతో ముడిపెట్టాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. మన భాషలోనైతే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉన్నది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో, రెండవది 1971లో చేనేత పదాలతో వచ్చాయి. పండితులు రైతుల దగ్గరకు, నేతగాళ్ళ దగ్గరకు వెళ్ళి మాటలు అడిగి రాసుకున్నారు. అంతకు ముందే గిడుగు రామమూర్తి గారు, నేడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, జనం నోటి భాషకు బడిలో చోటు కావాలని పోరాడారు. పక్కనున్న సవరల భాషను వారి నోటి నుండే నేర్చుకున్నారు. అంతటివారు మాట కోసం పని చేసేవారి దగ్గరకు వెళ్ళగా, మన పిల్లలను మన ఇంటి పనిదగ్గర కూర్చోబెట్టడానికి మనకు సందేహమెందుకు?

సందేహాలు లేకపోలేదు. నేను విన్నవాటికి జవాబు చెబుతాను.

"మగపిల్లవాడికి కుట్టుపనా?" అని మా వీధిలో ఒకరిద్దరు నవ్వారు. మా వాడే, "మా ఊళ్ళో టైలర్ అంకుల్ కదా" అని జవాబిచ్చాడు. అంతకు మించి నేను చెప్పేదేమీ లేదు.

"మా ఇంట్లో మాటలు పుస్తకంలోని మాటలు కావు, పిల్లవాడు తికమక పడతాడు" అన్నది రెండవది. పుస్తకంలో చీపురు, మా ఇంట్లో పొరక. రెండూ తెలుగే. నోటుపుస్తకంలో రెండూ పక్కపక్కన రాయించండి. ఇంటి మాటను తప్పు అని కొట్టివేసిన ప్రతిసారీ పిల్లవాడు తన అవ్వ భాష తక్కువదని నేర్చుకుంటాడు. ఈ తప్పు నేనూ ఉద్యోగంలో తొలి ఏళ్ళలో చేశాను. ఎర్ర సిరాతో పొరకను కొట్టి చీపురు అని రాసినదానిని.

"ఇరుగుపొరుగు భాష కలిస్తే తెలుగు చెడిపోదా?" అన్నది మూడవది. చెడిపోదు, వెలుగు పడుతుంది. తమిళంలో దారాన్ని నూల్ అంటారు, మనకు నూలు ఉన్నది. ఆ నూల్ అన్న మాటకే తమిళంలో గ్రంథం అన్న అర్థమూ ఉన్నదని మనవడికి చెబితే, "దారమే పుస్తకమా!" అని ఆశ్చర్యపోయాడు. కన్నడం వారు సూజి, దార అంటారు, మరాఠీ వారి దోరా కూడా దూరపుది కాదు. బెంగుళూరులోనో, మగ్గాల వెంట వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్న షోలాపూరులోనో పెరిగే పిల్లవాడు రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు భాషలూ గట్టిపడతాయి. ఊసి అన్నందుకు కసరవద్దు. ఊసి అని వాడన్న వెంటనే "ఔను, సూది" అంటే చాలు.

నాలుగవది బరువైనది. "ఇదంతా ఇంటి మీదకు తోస్తే ప్రభుత్వం తప్పించుకోదా? తెలుగు ఉపాధ్యాయుని పోస్టు ఎందుకని అడగరా?" ఈ భయం నాకూ ఉన్నది. స్పష్టంగా చెబుతున్నాను: అవ్వ సూది ఉపాధ్యాయునికి బదులు కాదు. 63 మాటలు తెలిసినంత మాత్రాన మా మనవడు ఒక పేజీ గద్యం గడగడ చదవలేడు. వాక్యం, వ్యాకరణం, పద్యం, లోకజ్ఞానం బడిలోనే రావాలి. అయితే మాటలు ఉన్న పిల్లవాడు వస్తే ఉపాధ్యాయుడు పాఠం చెప్పగలడు, లేని పిల్లవాడు వస్తే ఏడాదంతా అర్థాలు రాయించడంతోనే సరిపోతుంది. ఐచ్ఛికం అన్నచోట తెలుగును ఎంచుకొనే పిల్లవాడు కూడా, ఆ భాషతో ఏదో ఒక సంతోషం ముడిపడి ఉన్నవాడే.

కనుక తల్లిదండ్రులకు నా మనవి ఇది. సెలవులకు పిల్లలను అవ్వా తాతల దగ్గరకు పంపేటప్పుడు ఫోను కాక ఒక పని చేతికిచ్చి పంపండి. ఊడిన గుండీ, చిరిగిన గలేబు, పాత చీర, ఏదైనా సరే. పెద్దలు దగ్గర లేకపోతే ఆదివారం అరగంట మీరే కూర్చోండి. ఆ అరగంట తెలుగులోనే మాట్లాడండి, తప్పులు దిద్దకండి, పని పూర్తి చేయనివ్వండి. కత్తెర, సూది పెద్దల కళ్ళముందే వాడాలి. పని ముగిశాక సూదులు లెక్కపెట్టి డబ్బాలో పెట్టడం కూడా పనిలో భాగమే.

ఉపాధ్యాయులకు మరొక మనవి. నెలకొక రోజు ఊళ్ళోని ఒక అవ్వనో, దర్జీనో, వడ్రంగినో తరగతికి పిలవండి. వారు పని చేస్తారు, పేర్లు చెబుతారు. పిల్లలు చేసి చూసి రాసుకుంటారు. ఖర్చు గోనెపట్ట ముక్కలు, పది సూదులు, రెండు దారపు ఉండలు. ఆ అవ్వకు చదువు రాకపోవచ్చు. పిల్లల ముందు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె చెప్పిన మాటను నల్లబల్ల మీద మీ చేతితో రాయండి. తన మాటకు అక్షరం ఉన్నదని ఆమె చూడాలి, పిల్లలూ చూడాలి.

తొందర ఎందుకంటే, ఈ మాటలు తెలిసిన చేతులు మన ఇళ్ళలో ఏటేటా తగ్గిపోతున్నాయి. మా అత్తగారికి కుట్లలో ఎన్నో రకాల పేర్లు తెలుసు. నాకు నాలుగైదే వచ్చు. ఆమె ఉన్నప్పుడు నేను తీరిక లేదని అడగలేదు. పెట్టెలో ఆమె చీరలు మిగిలాయి గాని ఆ పేర్లు మిగలలేదు.

మనవడు వెళ్ళి చాలా నెలలయింది. మొన్న ఫోనులో చెప్పాడు: వాళ్ళమ్మ చొక్కాకు గుండీ కుడుతుంటే బెజ్జం కనబడలేదట, తనే దారం ఎక్కించాడట. "బెజ్జం" అనే అన్నాడు. బొంత ఇక్కడే ఉన్నది, సగమే అయింది. మూలన ఒక ర, కాస్త వంకరగా ఉన్నది. మిగిలిన సగం వచ్చే వేసవికి. అంతలోగా పెట్టెలోని మిగతా పాత చీరలు ఎండకు వేసి, మడిచి పెట్టాలి. మీ ఇంట్లోనూ అటువంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. ఒకసారి తెరిచి చూడండి.